గిటార్ ప్రాసెసర్‌కు మైకు తగిలించిన అబ్బాయి ఎప్‌సెట్ రాయాలా?

ప్రశ్న: సార్, నేను భూపాలపల్లిలో సింగరేణి ఉద్యోగిని. మావాడు హన్మకొండలో ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. బాగానే పాడతాడు. దోస్తు దగ్గర పాత గిటార్ ప్రాసెసర్ (గిటార్ మోతను రకరకాలుగా మార్చే డబ్బా) తెచ్చుకుని, దసరా సెలవులకు ఇంటికొచ్చిన దగ్గర్నుంచి దానికి మైకు తగిలించి పాడుతున్నాడు. గొంతు బాగా రావట్లేదు, గొంతు కోసమే చేసిన వోకల్ ప్రాసెసర్ కొనివ్వమంటాడు. ఇంజనీరింగ్ సీటు కోసం రాసే ఎప్‌సెట్ రాయను, సౌండ్ ఇంజనీర్ అవుతానంటాడు. ఏం చేయాలి?

జవాబు: కొత్తది ఇప్పుడే కొనకండి. అలాగని పాతదాన్ని అటకెక్కించకండి. మీవాడికి పాడటం ఇష్టమా, లేక పాట అవతలివాళ్లకు ఎలా వినిపిస్తోందన్నది ఇష్టమా? అవి రెండు వేర్వేరు బతుకుదెరువులు. వాడు ఎటువైపో ఆ డబ్బాతోనే తెలుసుకోవచ్చు.

గొంతు ఎందుకు బాగా రావట్లేదో వాడినే అడిగి చూడండి. మామూలు మైకు నుంచి వచ్చే సిగ్నల్ చాలా చిన్నది, కొన్ని మిల్లీవోల్టులే. గిటార్ నుంచి వచ్చేది దానికి ఎన్నో రెట్లు. గిటార్ కోసం చేసిన ఇన్‌పుట్‌కు నేరుగా మైకు పెడితే గొంతు పీలగా వస్తుంది. గెయిన్ (సిగ్నల్‌ను పెద్దది చేసే మీట) పెంచితే గొంతుతోపాటు బుస్సుమనే చప్పుడూ పెరుగుతుంది. స్టూడియోల్లో వాడే కండెన్సర్ మైకు అయితే అసలు పలకదు, దానికి మామూలుగా 48 వోల్టుల ఫాంటమ్ పవర్, అంటే మైకు వైరులోంచే అందే కరెంటు, కావాలి.

ఇంకో తిరకాసు ఉంది. ఆ ప్రాసెసర్లలో గిటార్ ఆంప్‌ను (మోత పెంచే యాంప్లిఫయర్‌ను), దాని స్పీకర్ పెట్టెను అనుకరించే సెట్టింగులు ఉంటాయి. గిటార్ స్పీకర్ సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటిన సన్నని శబ్దాలను పెద్దగా పలకదు. మన 'స' అక్షరం పదును ఎక్కువగా ఉండేది ఆ పైనే. అందుకే ఆ సెట్టింగ్ ఆన్‌లో ఉంటే 'సిరిసిల్ల చీర' అన్నా నోటికి దస్తీ అడ్డం పెట్టుకుని అన్నట్టు వినిపిస్తుంది. దాన్ని ఆపేసి, శబ్దాన్ని గరగరలాడించే డిస్టార్షన్ తీసేసి, గది మోత ఇచ్చే రివర్బ్, ప్రతిధ్వని ఇచ్చే డిలే మాత్రం వాడుకుంటే ఆ పాత డబ్బా గొంతుకూ బాగానే పనికొస్తుంది.

అయితే మైకును సౌండ్ మిక్సర్‌కే పెట్టాలి. మిక్సర్ ఆక్స్ సెండ్ (శబ్దాన్ని బయటి డబ్బాకు పంపే దారి) నుంచి ప్రాసెసర్‌కు వైరు, ప్రాసెసర్ నుంచి మళ్లీ మిక్సర్‌లో ఖాళీగా ఉన్న ఛానల్‌కు ఇంకో వైరు. సెండ్ తక్కువలో మొదలుపెట్టాలి, ఎందుకంటే మిక్సర్ నుంచి వచ్చేది గిటార్ కంటే బలమైన సిగ్నల్. ప్రాసెసర్‌లో మిక్స్ పూర్తిగా ఎఫెక్ట్ వైపు ఉండాలి. తిరిగొచ్చిన ఛానల్‌లో ఆక్స్ సున్నాలో ఉండాలి, లేదంటే అదే శబ్దం గుండ్రంగా తిరిగి తిరిగి కూత పెడుతుంది. మొన్న హన్మకొండలో ఒక పెళ్లిలో సరిగ్గా ఇదే జరిగింది. తలంబ్రాల టైములో వచ్చిన కూతకు పంతులుగారే చెవులు మూసుకున్నారు.

మీవాడు ఇదంతా ముందే కనిపెట్టి ఉంటే వాడిలో సౌండ్ మనిషి ఉన్నట్టే. 'ఇది పాడైంది, కొత్తది కొను' అంటే మాత్రం ఇంకా లేడు.

ఇక ఎప్‌సెట్. రాయాల్సిందే, ఇందులో నాకు రెండో మాట లేదు. ఈసీఈ (ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్ ఇంజనీరింగ్)లో చేరితే సిగ్నల్ ప్రాసెసింగ్, అంటే శబ్దంలాంటి సిగ్నళ్లను లెక్కలతో మార్చడం, చదువుతాడు. ఆ ప్రాసెసర్ లోపల నడిచేది అదే లెక్క. 1997లో తప్పిన శ్రుతిని సరిచేసే ఆటోట్యూన్ సాఫ్ట్‌వేర్ తెచ్చిన ఆండీ హిల్డెబ్రాండ్ సంగీత దర్శకుడు కాదు. అంతకుముందు భూమిలోకి తరంగాలు పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనులతో చమురు జాడ తీసే రంగంలో పనిచేశాడు. సింగరేణి మనిషి కాబట్టి మీకు ఈ మాట చప్పున అర్థమవుతుంది. సినిమా చదువులు చెప్పే పుణె ఎఫ్‌టీఐఐలో, కోల్‌కతా సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్‌లో సౌండ్ కోర్సులున్నాయి. అవి డిగ్రీ అయ్యాక చేసేవి. ఎఫ్‌టీఐఐ సౌండ్ కోర్సుకు ఇంటర్‌లో ఫిజిక్స్ చదివి ఉండాలి. అంటే ఎంపీసీ వృథా పోదు. వాడికి పాటే ప్రాణం అంటే వరంగల్‌లో ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాల ఉంది, వెళ్లి కనుక్కోండి.

డబ్బు సంగతి దాచను. లైవ్ సౌండ్‌లో, అంటే పెళ్లిళ్లు, సభల్లో మైకులు చూసుకునే పనిలో, మొదటి రెండు మూడేళ్లు వైర్లు చుట్టడం, స్పీకర్లు మోయడమే. ఆషాఢమో మూఢమో వస్తే పెళ్లిళ్లుండవు, చేతిలో పనీ ఉండదు. అందుకే చేతిలో డిగ్రీ ఉండాలంటున్నాను.

సద్దుల బతుకమ్మ నాడు మీ కాలనీలో మైకు సెట్టు పెట్టే ఆయనతో మాట్లాడి, ఆ ఒక్కరోజు మీవాణ్ని వెంట పెట్టుకోమనండి. రాత్రి ఇంటికొచ్చి అన్నం తినేటప్పుడు వాడు ఎవరు బాగా పాడారో చెప్తున్నాడా, స్పీకర్లు ఎటు తిప్పితే కూత ఆగిందో చెప్తున్నాడా విని, నాకు మళ్లీ రాయండి.