లా చదివితే మేయర్ అయిపోతారా? ఫిలిప్పీన్స్‌లోని నాగా నుంచి ఒక తండ్రి ప్రశ్న

ప్రశ్న: మాది గుంటూరు. ఇరవై ఏళ్ల కిందట ఉద్యోగం మీద ఫిలిప్పీన్స్ వచ్చి, ఇక్కడి ఆవిడనే పెళ్లి చేసుకుని నాగాలో స్థిరపడ్డాను. మా అమ్మాయికి 19, పొలిటికల్ సైన్స్ రెండో ఏడాది. మా మేయర్ లెనీ రోబ్రెడోలా లాయరై ఈ ఊరి రాజకీయాల్లోకి వెళ్తానంటోంది. మాకిక్కడ వెనకా ముందూ ఎవరున్నారు? నర్సింగ్‌లోకి మార్పించి అమెరికా పంపాలని నా ఆలోచన, తనకి చెప్పకుండానే ఫారం కూడా నింపి పెట్టాను. రెండిట్లో ఏది మేలో పోల్చి చెప్పండి.

జవాబు: పోలిక సంగతి తర్వాత చూద్దాం. ‘వెనకా ముందూ ఎవరున్నారు’ అన్నారే, నేను ఆ మాట దగ్గరే ఆగిపోయాను. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి, ఊరు మారుతుంది, కోర్సు పేరు మారుతుంది, లోపలున్న భయం మాత్రం ఇదే.

ఆ మాట మీ విషయంలో నిజమేమో గానీ మీ అమ్మాయి విషయంలో కాదండీ. తల్లి ఫిలిపినో కాబట్టి 1987 రాజ్యాంగం ప్రకారం పుట్టుకతోనే ఆ దేశ పౌరురాలు. ఆ ఊరు తన అమ్మ ఊరు. మీరు గుంటూరు నుంచి వెళ్లారు, తను ఎక్కడి నుంచీ వెళ్లలేదు, అక్కడే పుట్టి పెరిగింది. 1991 స్థానిక ప్రభుత్వ చట్టం మేయర్‌కి అడిగేది పౌరసత్వం, ఆ ఊళ్లో ఓటు, కనీసం ఏడాది నివాసం, ఫిలిపినోలోనో స్థానిక భాషలోనో చదవడం రాయడం, నాగా లాంటి నగరానికైతే 21 ఏళ్ల వయసు. లా డిగ్రీ ఊసే లేదు. నాగాకి అంత పేరు తెచ్చిన లెనీ భర్త జెస్సీ రోబ్రెడో ఇంజనీరు, 1988లో 29 ఏళ్లకే మేయరై, 2000లో రామన్ మెగసెసె అవార్డు అందుకున్నారు.

ఇక్కడే నా అనుమానం కూడా చెప్పాలి, ఇది అమ్మాయికి కూడా చదివి వినిపించండి. లా అనేది రాజకీయాలకు మెట్టు అన్న ఫ్యాషన్ ఒకటి బాగా నడుస్తోంది, నాకది నచ్చదు. అక్కడ పెద్ద పదవుల్లో ఇంతమంది లాయర్లు కనిపిస్తున్నారు కాబట్టి లా చదివితే పదవి వస్తుందనుకుంటారు. చాలాసార్లు జరిగేది తలకిందులుగా, పదవులున్న కుటుంబాలు తమ పిల్లల్ని లా కాలేజీకి పంపుతాయి. 2022లో ఉపాధ్యక్షురాలైన సారా దుతెర్తే, లాయరైన కొద్దికాలానికే 2007లో దావావో నగరానికి వైస్ మేయర్ అయ్యారు, అప్పుడు మేయర్ ఎవరు? వాళ్ల నాన్నే. రాజకీయ వారసత్వాలు కూడదని రాజ్యాంగంలో రాసుకున్నారు గానీ వాటిని ‘చట్టం నిర్వచించినట్టు’ నిషేధించాలన్నారు, ఆ చట్టాన్ని దేశం మొత్తానికీ వర్తించేలా కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు, ఇంతవరకూ చేయలేదు. పైగా మేయర్ కుర్చీలో కూర్చున్నాక వకాల్తా పుచ్చుకోకూడదు, చట్టమే ఒప్పుకోదు. మూడేళ్ల పదవి, వరసగా మూడుసార్లు గెలిస్తే తొమ్మిదేళ్లు కోర్టుకు దూరం. ఓడిపోయి తిరిగొస్తే క్లయింట్లు ఎవరు మిగులుతారు? కౌన్సిలర్‌కైతే సమావేశాల వేళ తప్ప ప్రాక్టీసు చేసుకునే వీలుంది, నగరానికి ఎదురు నిలిచే సివిల్ కేసులు మాత్రం పట్టకూడదు.

మరి లెనీ రోబ్రెడో? ఆవిడ కథని అందరూ చివరి నుంచి చదువుతున్నారు. ఆవిడ ఎకనామిక్స్ డిగ్రీ తర్వాత ఉద్యోగంలో చేరి, నాగాలోనే లా చదివి 1992లో పూర్తి చేశారు. లాయర్‌గా పనిచేయడానికి పాసవ్వాల్సిన బార్ పరీక్ష మొదటిసారి తప్పారు. రెండోసారి గట్టెక్కి 1997లో లాయరయ్యారు, అప్పటికి ఆవిడ మేయర్ గారి భార్య, చిన్నపిల్లల తల్లి! ఊళ్లో ఎవరి కూతురో బార్ పాసైతే పేరు ముందు ‘అటోర్నీ’ అని వేసి వీధికి అడ్డంగా ఫ్లెక్సీ కడతారు కదా, మేయర్ భార్య తప్పిందంటే ఊరంతా ఎలా మాట్లాడుకుని ఉంటుందో ఊహించండి. ఆ తర్వాత పేదవాళ్లకు ఉచితంగా వాదించే ప్రభుత్వ లాయర్ల ఆఫీసులో, ఆపైన సాలిగన్ అనే న్యాయ సహాయ సంస్థలో, రైతులు, మత్స్యకారులు, ఆడవాళ్ల మధ్య ఏళ్లకేళ్లు పనిచేశారు. 2012 ఆగస్టులో విమాన ప్రమాదంలో భర్త పోయాక 2013లో కాంగ్రెస్‌కి వెళ్లారు. భర్త పేరు కలిసొచ్చింది, నిజమే, దాన్ని దాచి మీ అమ్మాయికి చెప్పకండి. 2016లో ఉపాధ్యక్షురాలై, 2022లో అధ్యక్ష ఎన్నికల్లో ఓడిపోయి, 2025లో మళ్లీ అదే ఊరికి మేయర్‌గా వచ్చారు. ఇందులో మీ అమ్మాయి పట్టుకోవాల్సింది కుర్చీని కాదు, ఆ కాంగ్రెస్‌కి ముందున్న పదిహేనేళ్లని.

ఇప్పుడు మీకు. 19 ఏళ్ల పిల్లకి చెప్పకుండా ఫారం నింపడమేంటండీ? మీరు ఇరవై ఏళ్ల కిందట ఎవరూ లేని ఊరికి వెళ్లి, భాష రాకుండా, అక్కడి పిల్లని చేసుకున్నప్పుడు మీ నాన్నగారిని ఎంత అడిగారు? మీరు చేసిన సాహసంలో పదో వంతు కూడా కాదు తను చేస్తానంటున్నది, సొంత ఊళ్లో ఉండి చదువుకుంటానంటోంది, అంతే. నర్సింగ్ మంచి వృత్తే, డబ్బులోనూ విదేశీ అవకాశంలోనూ అదే ముందు, కాదనను. కానీ మళ్లీ మొదటి నుంచి నాలుగేళ్లు, ఇష్టం లేకుండా, రాత్రి డ్యూటీలు. ఇష్టంగా వచ్చినవాళ్లే అలిసిపోయే పని అది. లా వైపు డిగ్రీ తర్వాత నాలుగేళ్లు, ఆపైన బార్. 2024లో రాసిన 10,490 మందిలో 3,962 మందే పాసయ్యారు, ఒకసారి తప్పడానికి ఇప్పుడే మనసు సిద్ధం చేసుకోండి, ఇద్దరూ. రాజకీయాలు కలిసిరాకపోయినా లాయర్ వృత్తి చేతిలో ఉంటుంది, చిన్న ఊళ్లో నోటరీ పనికైనా లాయరే కావాలి.

అమ్మాయికి నిజంగా రాజకీయం మీద మనసుంటే పదేళ్లు ఆగక్కర్లేదు. బరంగాయ్‌లో, అంటే మన వార్డు లాంటి చిన్న పాలనా విభాగంలో, యువజన మండలి ఉంది, సంగునియాంగ్ కబతాన్, 18 నుంచి 24 ఏళ్ల వాళ్లు పోటీ చేయొచ్చు, పదవిలో ఉన్నవాళ్ల పిల్లలకీ తోబుట్టువులకీ అక్కడ చోటు లేదు. వెనకా ముందూ ఎవరూ లేకపోవడమే కలిసొచ్చే చోటు అదొక్కటి. ఒకసారి నిలబడనివ్వండి, ఇల్లిల్లూ తిరిగితే తనకి నచ్చుతుందో లేదో తనకే తెలుస్తుంది.

ఒక పని మాత్రం మీరే చూడండి. చిన్నప్పుడు పాపకి ఇండియా పాస్‌పోర్టు తీసుకున్నారా? తీసుకుని ఉంటే రెండు పౌరసత్వాల తకరారు రేపు నామినేషన్ దగ్గర ఎదురు పార్టీ చేతికి దొరుకుతుంది, ఇప్పుడే ఒక లాయర్‌ని కలిసి తేల్చుకోండి. భారత సంతతి విదేశీయులకిచ్చే ఓసీఐ కార్డే అయితే అది పౌరసత్వం కాదు, కంగారొద్దు. ఆ నర్సింగ్ ఫారం మాత్రం ఇవాళే అమ్మాయి చేతికివ్వండి, ఏం చేయాలో తననే చెప్పనివ్వండి.