ఇటలీలో బొలోన్యా వెళ్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

అక్క నీ సూట్‌కేసులో రెండు కిలోల శనగపిండి కుక్కుతోందట. తీయించెయ్. అక్కడ దుకాణంలో 'ఫరీనా ది చేచి' అంటే పొట్లం చేతికిస్తారు. చేచి అంటే శనగలు. జెనోవా వైపు ఆ పిండినే నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు వేసి జారుగా కలిపి, వెడల్పాటి రాగి పళ్లెంలో పోసి పొయ్యిలో కాలుస్తారు. అదే ఫరినాతా. పలెర్మోలో ఉడికించి, ముక్కలు కోసి, నూనెలో వేయించి బన్నులో పెట్టిస్తారు. దాని పేరు పనెల్లె. పెట్టెలో మిగిలిన జాగా ఆవకాయకి వదులు.

ఇక అసలు సంగతి. నువ్వు గుడ్డు తింటావు గానీ నీసు ముట్టవు. నేను వెళ్లిన కొత్తలో ఒక హోటల్ మెనూలో 'లజాన్యె వెర్ది' కనిపించింది. వెర్దె అంటే పచ్చ అని ముందురోజే నేర్చుకున్నా. ఆకుకూరతో చేసిందేదో అని మురిసిపోయి తెప్పించుకున్నా. పచ్చదనం అబద్ధం కాదు, పాస్తా పొరల పిండిలో పాలకూర కలుపుతారు. పొరల మధ్య ఉన్నది మాత్రం రగూ, అంటే ఖైమా. రెండో ముద్ద నోట్లో ఉండగా తెలిసింది! వాళ్లననడానికి లేదు, ఆ ఊళ్లో పసిపిల్లలకి కూడా తెలిసిన విషయం అది. రగూ ఎలా వండాలో 1982లో బొలోన్యా వాణిజ్య మండలిలో రాసి దాఖలు చేసిన జనం వాళ్లు. అంతకు పదేళ్ల ముందే తల్యాతెల్లె (రిబ్బన్లలాంటి పాస్తా) ఉడికాక 8 మిల్లీమీటర్ల వెడల్పుండాలని కూడా తేల్చేశారు.

అందుకని 'మాంసం వద్దు' అని ఊరుకోకు. పంచెత్తా (పంది పొట్ట), గ్వాంచాలె (పంది దవడ) చాలామంది లెక్కలో మాంసం కాదు, రుచి కోసం వేసేవి. బ్రోదో చూడ్డానికి చారులా తేటగా ఉంటుంది, మాంసం ఉడికించిన నీళ్లది. 'సోనో వెజెతారియానా' అని, ఆ తర్వాత ఒక్కో పేరూ ఎత్తి అడుగు. గుమ్మడికాయ కూరిన తోర్తెల్లి పాస్తా కనబడితే వదలకు, 'అల్ బుర్రో ఎ సాల్వియా' అని చెప్పు. వెన్నా, సేజ్ ఆకూ వేసి ఇస్తారు. కూరలో తీపి తగులుతుంది, బెదిరిపోకు.

పర్మిజానో రెజ్జానో చీజ్‌కి పాలు విరగ్గొట్టేది దూడ కడుపులోంచి తీసిన కాల్యోతో. నియమమే అది. నేను తెలిసే తింటాను, అక్కకి చెప్పకు. వద్దనుకుంటే పొట్లం మీద 'కాల్యో వెజెతాలె' అని ఉన్న వేరే చీజ్ కొనుక్కో.

పెపెరోనీ పిజ్జా అక్కడ నిశ్చింతగా తిను, వాళ్ల పెపెరోనీ అంటే మాంసం సాసేజ్ కాదు, క్యాప్సికం. కారం కావాలంటే కలాబ్రియా పెపెరొంచీనో (మిరప) అడుగు. అదే కలాబ్రియా నుంచి ఎర్రెర్రగా సీసాలో న్‌దూయా వస్తుంది. అచ్చం పండుమిరప పచ్చడే అనుకుంటావు. పంది కొవ్వు.

భాషకి భయపడకు. మాటలు మనవాటిలాగే అచ్చుతో ముగుస్తాయి, ఒత్తులు మనకి పుట్టుకతో వచ్చినవే. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. పెన్నె పాస్తా అడిగేటప్పుడు న కింద ఒత్తు గట్టిగా పలుకు. అది జారితే ఏమర్థం వస్తుందో నేను రాయను. నీ క్లాసులో ఆడపిల్లల్ని అడుగు.

పిన్ని