మీ ప్రశ్నలు, మా జవాబులు: కేసుల అంచనాలు, ల్యాబ్‌లో పగిలిన ఫ్లాస్కు, నికోటిన్ గమ్

ప్రశ్న: ఫ్లూ కేసుల అంచనాలు వారం వారం చూస్తుంటాను. గత వారం లెక్కే నెల తిరిగేసరికి పెరిగిపోతోంది. జరిగిపోయినదే సరిగా తేలనప్పుడు రాబోయే నాలుగు వారాల సంగతి ఎలా చెబుతారు?

జవాబు: జ్వరం మొదలైన రోజు వేరు, ఆస్పత్రికి వెళ్లిన రోజు వేరు, పరీక్ష ఫలితం వచ్చిన రోజు వేరు, అది జాతీయ సంస్థకు చేరిన రోజు వేరు. అందుకే గ్రాఫు చివర ఒకటి రెండు వారాలు ఎప్పుడూ తక్కువగానే కనిపిస్తాయి. వ్యాధి తగ్గుముఖం పట్టిందని చాలామంది పొరబడేది ఇక్కడే.

అంచనా వేసేవాళ్లు ముందుగా ఈ ఖాళీని పూరిస్తారు. పాత రికార్డులు తిరగేసి, ఒక వారం కేసుల్లో ఎంత శాతం మొదటి విడతలోనే చేరతాయో చూస్తారు. అది 60 శాతం అనుకుందాం. ఇప్పుడు చేతికి 600 కేసులు వస్తే, దాన్ని 0.6తో భాగించగా అసలు సంఖ్య 1,000 దగ్గర ఉండాలి. వరుస సెలవులొచ్చినా, వివరాలు పంపే సాఫ్ట్‌వేర్ మారినా ఆ 60 కాస్తా 45కి పడిపోవచ్చు. అప్పుడు అదే 600 వెనక ఉన్నవి 1,333 కేసులు. పాత శాతాన్నే పట్టుకు కూర్చుంటే మూడు వందలకు పైగా కేసులు లెక్కలోకే రావు.

ఇక రాబోయే వారాలకు ఒకే అంకె చెప్పే అంచనాను నమ్మకండి. ‘రెండు వారాల తర్వాత 800 నుంచి 1,900 మధ్య ఉండే అవకాశం 95 శాతం’ అన్నట్టు హద్దులు చెప్పాలి. దాన్ని పరీక్షించడం కష్టమేమీ కాదు. పాత అంచనాలు ఓ 100 తీసి, అసలు సంఖ్య ఎన్నిసార్లు హద్దుల మధ్య పడిందో చూడండి. 95 దగ్గర ఉండాలి. 70 దగ్గరే ఆగిపోతే ఆ మోడల్ (అంచనా వేసే లెక్కల పద్ధతి) హద్దుల్ని మరీ ఇరుకుగా గీస్తోందన్నమాట. పోనీ మరీ వెడల్పుగా గీసి తప్పించుకుందామన్నా కుదరదు, హద్దుల వెడల్పు పెరిగేకొద్దీ అంచనాకు వేసే మార్కుల్లో కోత పడుతుంది. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2013లో ఫ్లూ అంచనాల పోటీ మొదలుపెట్టింది. అప్పటి నుంచి వచ్చిన అనుభవం ప్రకారం, పలు బృందాల మోడళ్లను కలిపి తీసిన ఉమ్మడి అంచనా విడి మోడళ్లకన్నా నిలకడగా ఉంటుంది.

సమాచారం ఎక్కువైతే చాలనుకోవడమూ పొరపాటే. 2008లో మొదలైన గూగుల్ ఫ్లూ ట్రెండ్స్, జనం ఇంటర్నెట్‌లో వెతికే మాటల మీద ఆధారపడింది. 2012-13 చలికాలంలో ఫ్లూ ఉద్ధృతిని సీడీసీ లెక్కకు దాదాపు రెట్టింపు చేసి చూపింది. భయపడి వెతికినవాళ్లందరూ రోగులు కారు కదా.

ప్రశ్న: ల్యాబ్‌లో బ్యాక్టీరియా కల్చర్ (పోషక ద్రవంలో పెంచిన బ్యాక్టీరియా) ఉన్న ఫ్లాస్కు కిందపడి పగిలింది. వెంటనే బ్లీచ్ పోసి తుడిచేశాం. తప్పు చేశారని మా ఇన్‌చార్జి అన్నారు. ఎందుకు?

జవాబు: ఆ ‘వెంటనే’ అన్నదే తప్పు. ఫ్లాస్కు పగిలినప్పుడు కంటికి కనిపించని తుంపర్లు గాల్లోకి లేస్తాయి. వంగి తుడిచేవాళ్లు వాటినే పీలుస్తారు. అందరూ బయటికి వచ్చి, తలుపు మూసి, హెచ్చరిక బోర్డు పెట్టి, కనీసం 30 నిమిషాలు ఆగాలి. బట్టల మీద పడితే విప్పేసి, ఒళ్లు సబ్బుతో కడుక్కోవాలి.

లోపలికి వెళ్లేటప్పుడు గ్లౌజులు, గౌను, కళ్లద్దాలు, మాస్కు ఉండాలి. ఒలికిన చోట టిష్యూ కాగితాలు పరిచి, వాటి మీద బ్లీచ్ ద్రావణాన్ని అంచుల నుంచి మధ్యకు పోయండి. మధ్యలో పోస్తే మురికి బయటికి పాకుతుంది. 5 శాతం బ్లీచ్ ఒక వంతుకు నీళ్లు 9 వంతులు కలపాలి, అదీ ఆ రోజు కలిపిందే అయి ఉండాలి. పోశాక 20 నుంచి 30 నిమిషాలు తడిగానే ఉంచాలి. కల్చర్‌లోని పోషకాలు బ్లీచ్‌లోని క్లోరిన్‌ను తినేస్తాయి కాబట్టి, పోసీ పోయగానే తుడిస్తే సూక్ష్మజీవులు చావవు. గాజు ముక్కల్ని గ్లౌజులున్నా సరే చేత్తో తీయకండి. పట్టకారుతో తీసి, గుచ్చుకునే వస్తువులు వేసే గట్టి డబ్బాలో వేయండి. ఆ తర్వాత అదే చోట మరోసారి బ్లీచ్ పోసి తుడవాలి.

ఇంకో ముఖ్యమైన మాట. ఆర్‌ఎన్‌ఏ, డీఎన్‌ఏ తీసే కిట్లలోని చాలా బఫర్లలో (ద్రావణాల్లో) గ్వానిడిన్ అనే రసాయనపు లవణాలుంటాయి. అవి ఒలికితే బ్లీచ్ జోలికి పోవద్దు, విషవాయువులు పుడతాయి. సీసా మీది లేబుల్ చదవకుండా బ్లీచ్ ఎత్తకండి.

ప్రశ్న: సిగరెట్ మానడానికి నికోటిన్ గమ్ వాడుతున్నాను. గొంతు మంట, ఎక్కిళ్లు వస్తున్నాయి. రోజుకు ఒక్క సిగరెట్‌కు తగ్గించి ఆగిపోతే చాలదా?

జవాబు: చాలదు. రోజుకు 20 కాల్చేవాళ్లకు అదనంగా ఉండే గుండెజబ్బు ముప్పులో దాదాపు సగం, ఒక్కటి కాల్చేవాళ్లకూ ఉంటుంది. పూర్తిగా మానేయాల్సిందే.

గమ్‌ను మీరు మామూలు చూయింగ్ గమ్‌లా ఆపకుండా నములుతున్నట్టున్నారు. అలాగైతే నికోటిన్ లాలాజలంతో కడుపులోకి పోతుంది. మంట, ఎక్కిళ్లు అందుకే. నెమ్మదిగా నమలండి. నోట్లో చురుక్కుమనగానే ఆపి, గమ్‌ను బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టండి. ఆ చురుకు తగ్గాక మళ్లీ కొద్దిగా నమలండి. ఇలా అరగంట సాగాలి. గమ్ వేసుకునే ముందు 15 నిమిషాలు, అది నోట్లో ఉన్నంతసేపూ కాఫీ, పళ్ల రసం, కూల్‌డ్రింకు వద్దు. వాటిలోని ఆమ్లం వల్ల నికోటిన్ సరిగా ఒంటికి పట్టదు.

నిద్ర లేచిన 30 నిమిషాల్లోపే మొదటి సిగరెట్ వెలిగించే అలవాటుంటే 4 మిల్లీగ్రాములది, లేకపోతే 2 మిల్లీగ్రాములది వాడాలి. మొదటి 6 వారాలు గంటకో, రెండు గంటలకో ఒకటి. తర్వాత 3 వారాలు 2 నుంచి 4 గంటలకు ఒకటి, ఆపై 3 వారాలు 4 నుంచి 8 గంటలకు ఒకటి. రోజుకు 24 దాటకూడదు. గర్భిణులూ, ఈమధ్య గుండెపోటు వచ్చినవాళ్లూ డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి.