చవక ఇల్లు ఎవరి ఖాతాలో పడుతుంది?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మేము గుంటూరు బ్రాడీపేటలో పన్నెండేళ్లుగా అద్దెకు ఉంటున్నాం. ఇప్పుడు అద్దె నెలకు 14 వేలు. నేను విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ప్రైవేటు సంస్థలో పనిచేస్తాను; చేతికి 68 వేలు వస్తుంది. నా భార్య గుంటూరులోనే గోరంట్ల వైపు ఒక బడిలో టీచరు, జీతం 24 వేలు. పాప నాలుగో తరగతి చదువుతోంది. మా అమ్మగారికి 68 ఏళ్లు; షుగరు, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. ఇన్నాళ్లకు 18 లక్షలు కూడబెట్టాం. బ్రాడీపేటలోనే పాత అపార్ట్‌మెంటులో ఒక ఫ్లాటు 62 లక్షలు చెబుతున్నారు. విజయవాడ పాయకాపురంలో దాదాపు అంతే ఉన్న ఫ్లాటు 48 లక్షలకు వస్తోంది. 14 లక్షలు ఊరికే వస్తాయా అని నేను అంటుంటే, గుంటూరు వదిలి రానని మా ఆవిడ అంటోంది. ఏది తెలివైన పని?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ముందుగా ఆ 14 లక్షలను నెలల్లోకి మార్చుకుందాం, ఎందుకంటే మీరు దాన్ని ఒక్కసారి కట్టరు, ఇరవై ఏళ్లపాటు కడతారు. మీకు కావలసినంత అప్పుకు బ్యాంకు ఇంటి విలువలో 80 శాతానికి మించి ఇవ్వదు. రిజిస్ట్రేషన్ ఖర్చును ఆ విలువలో కలపదు. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము అన్నీ కలిపి 7.5 శాతం అవుతాయి. అంటే బ్రాడీపేట ఫ్లాటుకు మీ చేతి నుంచి 17 లక్షల 5 వేలు పోతాయి, 49 లక్షల 60 వేలు అప్పు మిగులుతుంది. వడ్డీ 8.5 శాతం అనుకుంటే నెల కిస్తీ సుమారు 43 వేలు. పాయకాపురం ఫ్లాటుకు చేతి నుంచి 13 లక్షల 20 వేలు, అప్పు 38 లక్షల 40 వేలు, కిస్తీ సుమారు 33,300. కాబట్టి మీరు చెప్పే 14 లక్షల తేడా, మొదట్లో చేతి నుంచి ఎక్కువగా పోయే 3 లక్షల 85 వేలు కాకుండా, నెలకు దాదాపు 9,700 రూపాయలు.

ఇప్పుడు ఆ 9,700 ఎవరు సంపాదించి పెడతారో చూడండి. పాయకాపురం నుంచి మీ భార్య పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌కు రావాలి, అక్కడ గుంటూరు బస్సు ఎక్కాలి, దిగి గోరంట్లకు ఆటో పట్టుకోవాలి. ఇప్పుడు రానుపోను అరగంటలో అయ్యే పనికి రోజుకు ఎంత తక్కువ అనుకున్నా మూడు గంటలు అదనంగా పోతాయి. నెలకు 24 పనిదినాలు వేసుకుంటే 72 గంటలు. 9,700ను 72తో భాగిస్తే గంటకు 135 రూపాయలు వస్తాయి. మీ కుటుంబం చేసే పొదుపు ఆవిడ బస్సులో నిలబడే ప్రతి గంటకూ 135 రూపాయల చొప్పున తయారవుతుందన్నమాట. 2025 ఆగస్టు 15 నుంచి ఎక్స్‌ప్రెస్ వరకు ఆర్టీసీ బస్సుల్లో ఆడవారికి టిక్కెట్టు లేదు కదా అని మీరు అనవచ్చు. ఆ పథకం టిక్కెట్టును ఎత్తివేసింది గాని, దూరాన్ని ఎత్తివేయలేదు.

అయితే న్యాయంగా రెండో వైపు కూడా చెప్పాలి. గుంటూరు నుంచి బెంజ్ సర్కిల్‌కు వెళ్లి రావడానికి ఇప్పుడు మీకు రోజుకు రెండున్నర గంటలు పడుతూ ఉండాలి. పన్నెండేళ్లలో ఎప్పుడు చేరారో గాని, ఆ గంటలను మీరు ఉత్తరంలో ఒక్క మాటైనా రాయలేదు. పాయకాపురం మీకు చవకగా కనిపించడానికి ధర ఒక్కటే కారణమై ఉండదని నా అనుమానం. మీరు అలసిపోయారు. ఆ మాట ఇంట్లో నేరుగా చెప్పకుండా 14 లక్షల ముసుగు వేస్తే, ఆవిడ కూడా తన అలసట సంగతి చెప్పకుండా "గుంటూరు వదిలి రాను" అనే అంటుంది. ఇద్దరూ రూపాయల గురించి పోట్లాడుకుంటున్నట్టు కనిపిస్తారు గాని, నిజానికి ఎవరు తెల్లవారుజామున లేవాలన్న దాని గురించి పోట్లాడుకుంటున్నారు.

ఇక 48 లక్షల ధర 48 లక్షలుగా ఎందుకుందో కూడా తెలుసుకోవాలి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి, మళ్లింపు కాలువకు గండ్లు పడి సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట ప్రాంతాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఆ మళ్లింపు కాలువ చివరికి కలిసేది కృష్ణలోనే. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవాహం ఉన్నప్పుడు బుడమేరుకు అటు దారి ఎక్కడ దొరుకుతుంది? ఆ ప్రాంతంలో అసలు ఇల్లే కొనకూడదని నేను అనను. లక్షల మంది బతుకుతున్న చోటు అది. కాని వరద సంగతి అమ్మేవాడు చెప్పడు, గోడను అడగాలి. మొన్న శీతాకాలంలో మా మేనల్లుడితో సింగ్ నగర్‌లో ఒక ఫ్లాటు చూడటానికి వెళ్లాను. మెట్ల గోడకు ఛాతీ ఎత్తు వరకే కొత్త రంగు ఉంది, పైనంతా పాతదే. కరెంటు మీటర్లు తల ఎత్తి చూడవలసినంత పైకి జరిగాయి. లిఫ్టు తలుపు పక్కన కుంచె పట్టని సందులో మట్టిగీత ఒకటి, స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా, మిగిలిపోయింది. వాచ్‌మన్ భార్యను అడిగితే ఆవిడ చీపురు పక్కన పెట్టి మెట్లు లెక్కపెట్టి చూపించింది: "పదకొండో మెట్టు దాకా అండీ." మా మేనల్లుడు ఆ ఫ్లాటు తీసుకోలేదు. మీరు వెళ్లినప్పుడు మీ ఫ్లాటు ఎన్నో అంతస్తు అన్నదొక్కటే కాకుండా, మోటారు, జనరేటరు, మీటర్లు ఎక్కడున్నాయో చూడండి. నాలుగో అంతస్తులో పొడిగా కూర్చున్నా, కింద అవి మునిగితే షుగరున్న పెద్దావిడకు నీళ్లూ, ఇన్సులిన్ పెట్టుకోవడానికి ఫ్రిజ్జూ ఉండవు.

బ్రాడీపేట ఫ్లాటు కొనమని కూడా నేను చెప్పడం లేదు. 92 వేల రాబడిలో 43 వేలు కిస్తీకే పోతే, చేతిలో 95 వేలు మాత్రమే నిలవ ఉంటే, అమ్మగారి మోకాలి ఆపరేషన్‌కు మళ్లీ అప్పే చేయాలి. పాత అపార్ట్‌మెంటు కాబట్టి అవిభాజ్య వాటాగా, అంటే అందరి ఉమ్మడి స్థలంలో మీ భాగంగా, ఎన్ని గజాలు రాస్తారో, కట్టడం వయసు చూసి బ్యాంకు ఎన్నేళ్లకు అప్పు ఇస్తుందో కూడా అడగాలి. పైగా మీరు కడుతున్న అద్దె ఏడాదికి 1 లక్ష 68 వేలు. 62 లక్షల ఇంటి మీద అది మూడు శాతం కూడా కాదు. మూడు శాతం లోపు ఖర్చుతో ఉంటున్న చోటును ఎనిమిదిన్నర శాతం వడ్డీతో కొనడానికి సొంతిల్లన్న తృప్తి తప్ప వేరే లెక్క కుదరదు. ఆ తృప్తిని నేను తక్కువ చేయను. తొందర మాత్రం వద్దంటాను.

నా సలహా మంగళగిరి. కొనడం కాదు, పదకొండు నెలలు అద్దెకు. అక్కడి నుంచి గుంటూరు సుమారు 20 కిలోమీటర్లు, విజయవాడ అంతకంటే దగ్గర. మీ ఇద్దరి ప్రయాణాలూ దాదాపు సమానమవుతాయి. గుంటూరు–విజయవాడ పాసింజరు రైళ్లు ఆగే స్టేషను ఉంది, ఎయిమ్స్ ఉంది. రాజధాని పనుల వల్ల అద్దెలు బ్రాడీపేట కంటే తక్కువ ఉంటాయని ఆశపడకండి. నల్లా నీళ్లు ఎప్పుడు వస్తాయో, బోరు నీళ్లలో ఉప్పెంతో, మే నెలలో పై అంతస్తు పడమటి గోడ సాయంత్రం ఏడింటికి ఎంత కాలుతుందో ఆ ఏడాదిలో మీకే తెలుస్తుంది. వద్దనిపిస్తే సామాన్లు సర్దుకుని తిరిగి రావచ్చు. కొన్న ఇంట్లోంచి అలా రాలేరు. మారేటట్లయితే వేసవి సెలవుల్లో మారండి, పాపకు ఏడాది మధ్యలో బడి మార్చకండి. అమ్మగారికి బ్రాడీపేటలో నడిచి వెళ్లే దూరంలో డాక్టరు, పేరు పెట్టి పిలిచే పక్కింటివారు ఉంటే, ఆవిడకు ఈ మార్పు ఎంత బరువో కూడా అడిగి చూడండి. ఆవిడ వద్దంటే అక్కడే అద్దెకు ఉండి, ఉద్యోగమే గుంటూరు వైపు వెతుక్కోవడం మీకు మంచి దారి కావచ్చు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. బ్యాంకులో ఇళ్ల అప్పుల కాగితాలు చూసిన నేనే 1994లో నల్లపాడు దాటాక చవకగా ఇల్లు కొన్నాను. బోరు నీళ్లలో కందిపప్పు ఎంతసేపటికీ ఉడికేది కాదు. మంచినీళ్ల ట్యాంకరు రోజు విడిచి రోజు పదిన్నరకు వచ్చేది, అప్పటికి నేను బ్యాంకులో ఉండేవాడిని. మా ఆవిడ తెల్లవారగానే బిందె వరసలో పెట్టి, వంట చేసుకుని, మళ్లీ వెళ్లి నిలబడేది. ఆరేళ్ల తర్వాత అమ్మేసి అరండల్‌పేటకు అద్దెకు వచ్చాం. లాభమే వచ్చింది. అందులో తన వాటా ఎంతని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది.

ప్రశ్న: నేను విజయవాడ సూర్యారావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును, వయసు 24, జీతం 19 వేలు. దగ్గరలోని హాస్టల్లో భోజనంతో కలిపి 7,500 కడుతున్నాను. స్నేహితురాలు ఇబ్రహీంపట్నంలో గది తీసుకుంది, నా వాటా 3,500 అంటోంది. నెలకు 4 వేలు ఇంటికి పంపవచ్చని ఆశ.
— ఒక పాఠకురాలు

జవాబు: 4 వేలు మిగలవమ్మా. గ్యాసు, బియ్యం, కూరలు, కరెంటు కలిపి మీ వాటా రెండున్నర వేలకు తగ్గదు కాబట్టి మిగిలేది పదిహేను వందలు. నైట్ డ్యూటీ వారాల్లో నాలుగు సార్లు ఆటోలో వెళితే అదీ ఉండదు. రాత్రి డ్యూటీ దిగిన మనిషికి నిద్ర కావాలి, గంట ప్రయాణం, తర్వాత వంట కాదు. థర్మల్ కేంద్రం బూడిద సంగతి ఆ వైపు ఉన్నవారిని అడిగితే చెబుతారు. ఇంటికి డబ్బు పంపాలన్న మీ ఆలోచన మంచిదే. అందుకు నైట్ అలవెన్సును విడిగా పెట్టి పంపండి. హాస్టల్లో మాత్రం రెండు విషయాలు కాగితం మీద రాయించుకోండి: రాత్రి డ్యూటీ ఉన్న రోజుల్లో గేటు ఎన్నింటికైనా తీస్తారా, ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో ఎంత తిరిగి ఇస్తారు.

ప్రశ్న: నా వయసు 71. విజయవాడ చిట్టినగర్ దగ్గర కొండ మీద మాకు సొంతిల్లు ఉంది. రోడ్డు నుంచి 112 మెట్లు. గాలి బాగా వస్తుంది, కింద ఊరంతా కనిపిస్తుంది, అద్దె బాధ లేదు. హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి దిగి వచ్చి కింద అద్దెకు ఉండమంటున్నాడు. ఉచితంగా ఉన్న ఇల్లు వదిలి నెలకు 10 వేలు దేనికి కట్టాలి?
— ఒక పెద్దాయన

జవాబు: అయ్యా, ఇల్లు ఉచితమని మీరు రాశారు, రెండు పేరాల తర్వాత, ఇక్కడ అచ్చు వేయని భాగంలో, గ్యాసు బండ పైకి మోసినందుకు ప్రతిసారీ విడిగా ఇస్తున్నామని, దసరా తర్వాత మీ భార్య ఆసుపత్రికి తప్ప కిందికి దిగలేదని కూడా మీరే రాశారు. ఆవిడను ఆ రోజు ఇద్దరు కుర్రాళ్లు కుర్చీలో కూర్చోబెట్టి దింపారట. 2024 ఆగస్టు 31న వానలకు మొగల్రాజపురంలో కొండచరియ విరిగిపడి ప్రాణాలు పోయిన సంగతి మీకు తెలియనిది కాదు. మీ ఇంటి వెనక బండ ఎలా ఉందో కార్పొరేషను ఇంజినీరుకు ఒకసారి చూపించండి. ఇల్లు అమ్మనక్కర లేదు. బండ భయం లేదని తేలితే, మెట్లెక్కగల వయసువారికి అద్దెకిచ్చి, ఆ డబ్బుకు కొంత కలిపి భవానీపురంలోనో మరోచోటో కింది అంతస్తులో రెండు గదులు చూసుకోండి. తేడా అబ్బాయి ఇస్తానంటే తీసుకోండి, అందులో నామోషీ లేదు.

గాలి, ఊరు కనిపించడం, అద్దె లేకపోవడం – ఈ మూడూ మీ మాటలే. 112 మెట్ల గురించి ఆవిడ ఏమన్నారో ఉత్తరంలో ఎక్కడా లేదు. వచ్చే ఉత్తరం ఆవిడను రాయమనండి.