చవక మందుల మీద ట్రయల్ చేస్తే ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?

పేటెంట్ ఎప్పుడో అయిపోయిన మందు ఒక కొత్త జబ్బుకి పనిచేస్తుందా అని మామూలు ఆసుపత్రుల్లో పరీక్షిస్తే డబ్బు ఎవరిస్తారన్నది ప్రశ్న. కంపెనీలు సాధారణంగా ముందుకు రావు. ఎవరైనా తయారుచేసి అమ్ముకోగల మందు మీద వాళ్లకి మిగిలేదేముంది? ఎక్కువగా ప్రభుత్వ నిధులే దిక్కు.

బ్రిటన్‌లో ఈ ఖర్చును విడగొట్టి చూస్తారు. డేటా, విశ్లేషణ లాంటి పరిశోధన ఖర్చు గ్రాంటులోంచి వస్తుంది. రోగికి ఇచ్చే చికిత్స ఖర్చు అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌దే. రోగికి వివరించి సమ్మతి తీసుకునే నర్సు సమయానికి మరో పద్దు ఉంటుంది. అసలు కిటుకు ఇక్కడే ఉందని నా అభిప్రాయం. ఆ నర్సు జీతం ఎవరూ లెక్కలో వేయకపోతే ట్రయల్ కాగితం మీదే ఆగిపోతుంది.

కోవిడ్‌కి ఏ మందులు పనిచేస్తాయో బ్రిటన్ ఆసుపత్రుల్లో పరీక్షించడానికి 2020 మార్చిలో మొదలైన రికవరీ ట్రయల్ చూడండి. కోవిడ్ వార్డుల్లో తీరిక లేని డాక్టర్లు నింపాలి కాబట్టి ఫారాలు చాలా చిన్నగా పెట్టారు. మిగతా సమాచారం చాలావరకు ఎన్‌హెచ్‌ఎస్ రికార్డుల నుంచే తీసుకున్నారు. జూన్‌కల్లా ఫలితం వచ్చేసింది: రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథాసోన్‌తో వెంటిలేటర్ మీదున్నవాళ్లలో మరణాలు దాదాపు మూడో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకి మాత్రం లాభం కనిపించలేదు. మన ఊళ్లో మందుల షాపువాళ్లకి కూడా తెలిసిన పాత స్టెరాయిడే అది!