కెమెరా సందేహాలు: పోజు పాదాల దగ్గర మొదలవుతుంది

ప్రశ్న: మా చెల్లికి పట్టుచీరలో ఫోటోలు తీస్తున్నాను. నాది క్రాప్ సెన్సర్ కెమెరా, 50 ఎం.ఎం. లెన్స్. మామూలుగా గలగలా మాట్లాడే పిల్ల, కెమెరా ఎత్తగానే కర్రలా బిగుసుకుపోతుంది. చేతులు లావుగా, గడ్డం కింద మడతతో వస్తోంది. ఎలా నిలబెట్టాలి?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: లెన్స్ మార్చే పని లేదండీ. క్రాప్ సెన్సర్, అంటే ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్, మీద 50 ఎం.ఎం. అంటే ఫుల్‌ఫ్రేమ్ కెమెరా మీద దాదాపు 75–80 ఎం.ఎం. లెన్స్ చూపే దృశ్యమే. పోర్ట్రెయిట్లకు భేషుగ్గా సరిపోతుంది. చిక్కంతా నిలబడే తీరులో ఉంది. పాదాలు పక్కపక్కన పెట్టి, రెండింటి మీదా సమానంగా బరువు మోపి, భుజాలు కెమెరాకు ఎదురుగా ఉంచితే ఎవరైనా పాస్‌పోర్ట్ ఫోటోకి నిలబడ్డట్టే ఉంటారు.

ఒంటిని 30–45 డిగ్రీలు పక్కకు తిప్పించండి. బరువంతా వెనక కాలి మీద వేయమనండి. ముందు మోకాలు దానంతటదే వదులవుతుంది, నడుం కాస్త ఒరుగుతుంది, ఒక భుజం కిందికి దిగుతుంది. చీరలో కాళ్లు కనిపించవు కదా అని దీన్ని వదిలేయకండి, కుచ్చిళ్లు పడే తీరు పట్టిచ్చేస్తుంది. తిరిగినప్పుడు అవి మెలిపడతాయి కాబట్టి క్లిక్‌కి ముందు ఒకసారి సర్దించండి.

ఇక చేతులు. దండచెయ్యి ఒంటికి ఆనితే కండ అణిగి వెడల్పుగా కనిపిస్తుంది. రెండు వేళ్లు పట్టేంత ఎడం ఉంచితే చాలు, ఆ సందులోంచి వెనక గోడ కనిపించి నడుం గీత కూడా తేలుతుంది. చెయ్యి వెనక భాగం కాకుండా చిటికెనవేలి వైపు అంచు కెమెరాకు కనబడాలి. ఊరికే వేలాడే చేతికి ఏదో ఒక పని చెప్పండి: జడ ముందుకు వేసుకోవడం, గాజులు సర్దుకోవడం, కొంగు పట్టుకోవడం. కొంగును గుప్పిట బిగిస్తే వేలి కణుపులు తెల్లబడి, ఫోటోలో చూపు ముందు వాటి మీదే పడుతుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య అంచును తేలిగ్గా ఆనించి, మిగతా వేళ్లు వదులుగా వదిలేయమనండి.

గడ్డం విషయంలో చాలామంది తప్పు చేస్తారు. ‘గడ్డం ఎత్తు’ అంటే ముక్కు రంధ్రాలు కనిపిస్తాయి, వెనక్కి లాక్కుంటే మడత పడుతుంది. ముందుగా నుదురు రెండు మూడు సెంటీమీటర్లు కెమెరా వైపు తేవాలి, ఆ తర్వాతే గడ్డం కొద్దిగా దించాలి. పక్కనుంచి చూస్తే తాబేలు తల చాచినట్టుంటుంది గానీ ఎదురుగా దవడ గీత చక్కగా వస్తుంది. మాటల్లో చెబితే అర్థం కాదు, మీరే చేసి చూపించండి. కెమెరా ఆమె కళ్ల ఎత్తులోనో, పిసరంత పైనో ఉండాలి.

ఒకటీ రెండూ మూడూ అని లెక్కపెట్టకండి, మూడు వచ్చేలోపే నవ్వు బిగుసుకుపోతుంది. కళ్లు మూసుకుని ఊపిరి వదలమని, కళ్లు తెరిచిన క్షణంలో మూడు నాలుగు వరసగా తీయండి. షట్టర్ వేగం 1/200 సెకను ఉంటే కదలికకు ఫోటో చెదరదు.

ప్రశ్న: ఫోన్‌తో దగ్గరగా తీస్తే ముక్కు పెద్దదిగా వస్తోంది. పోజు లోపమా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కాదమ్మా, దూరం లోపం. ఫోన్‌లో జూమ్ చేయని 1ఎక్స్ కెమెరా చాలా వెడల్పుగా చూస్తుంది. ముఖం నిండాలంటే అరమీటరు దాకా దగ్గరికి వెళ్లాల్సి వస్తుంది, అంత దగ్గర్లో చెవులతో పోలిస్తే ముక్కు కెమెరాకు బాగా దగ్గరై పెద్దదిగా కనిపిస్తుంది. ఒకటిన్నర, రెండు మీటర్లు వెనక్కి జరిగి 2ఎక్స్ లేదా 3ఎక్స్ పెట్టండి.

ప్రశ్న: ముఖం పక్కకు తిప్పి తీస్తే ఒక కన్ను మసకగా వస్తోంది. ఎఫ్ 1.8లో తీస్తున్నాను.
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే పదునుగా వచ్చే లోతు అంత తక్కువ, అందుకే ఒక కన్ను మసకబారుతోంది. ఎఫ్ 2.8 నుంచి 4 దాకా పెట్టి, కెమెరాకు దగ్గరున్న కంటి మీద ఫోకస్ చేయండి. ముఖం ఎంత తిప్పాలో ముక్కే చెబుతుంది. ముక్కు కొస అవతలి చెంప గీతను దాటి పొడుచుకొస్తుంటే ముఖాన్ని కొద్దిగా కెమెరా వైపు తిప్పించండి.