విభజన, విచ్ఛిన్నం, వేర్పాటు: ఏది ఎక్కడ?

సందేహం: స్ప్లిట్, సెపరేషన్, సెసెషన్, బ్రేకప్, ఫిషన్ వంటి ఇంగ్లిష్ మాటలన్నింటికీ అనువాదాల్లో ‘విభజన’, ‘విచ్ఛిన్నం’ అనే రెండు మాటలే కనిపిస్తున్నాయి. ‘సోవియట్ యూనియన్ విభజన’ అని ఒకచోట, ‘విచ్ఛిన్నం’ అని మరొకచోట చదివాను. వీటి మధ్య తేడా ఉందా? ఉంటే దేన్ని ఎక్కడ వాడాలి?

సమాధానం: తేడా ఉంది, అది ధాతువుల్లోనే ఉంది. ‘విభజన’లోని ‘భజ్’ ధాతువుకు పంచడమని ఒక అర్థం. పంచడమంటే పంచేవారు ఉండాలి, పంచిన తరవాత ఇది ఒకరిది, అది మరొకరిది అని చూపగల భాగాలు మిగలాలి. 1947లో జరిగినది దేశ విభజన. సరిహద్దు గీసినవారు ఉన్నారు, గీతకు అటూ ఇటూ రెండు రాజ్యాలు ఏర్పడ్డాయి. రెండో ప్రపంచ యుద్ధంలో గెలిచిన దేశాలు జర్మనీని మండలాలుగా పంచుకోగా 1949 నాటికి అది రెండు రాజ్యాలు కావడమూ విభజనే. ‘విచ్ఛిన్నం’లోని ‘ఛిద్’ ధాతువుకు నరకడం, తెంచడం అని అర్థం. ఈ మాట వాడినప్పుడు మన దృష్టి ఏర్పడిన భాగాల మీద కన్నా, మొత్తంగా ఉన్నది పోయిందన్న విషయం మీద నిలుస్తుంది. సోవియట్ యూనియన్‌ను బయటివారెవరూ పంచిపెట్టలేదు. రిపబ్లిక్కులు ఒకదాని వెంట ఒకటి స్వాతంత్ర్యం ప్రకటించుకోగా 1991 డిసెంబరు నాటికి ఆ రాజ్యమే లేకుండా పోయింది. కాబట్టి మీరు చదివిన రెండింటిలో ‘విచ్ఛిన్నం’ తగిన మాట. చెకోస్లొవేకియా సంగతి వేరు. ఉభయపక్షాలూ చర్చించుకుని, చట్టం చేసుకుని, 1993 జనవరి 1 నుంచి రెండు దేశాలయ్యాయి. దాన్ని విభజన అంటే తప్పు పట్టలేం కానీ, ‘చెక్‌లు, స్లొవాక్‌లు విడిపోయారు’ అన్నప్పుడు తోచే పరస్పర అంగీకారం ఆ మాటలో తోచదు.

సెసెషన్‌కు మాత్రం ఈ రెండూ పనికిరావు. దాని లాటిన్ మూలానికి పక్కకు తప్పుకుని వెళ్లిపోవడమని అర్థం. 1860 డిసెంబరులో దక్షిణ కరోలినా అమెరికా సమాఖ్య నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. అది సమాఖ్యను పంచడం కాదు, తానుగా బయటికి పోవడం. దీనికి మనకున్న మాట ‘వేర్పాటు’. పొరపడు నుంచి పొరపాటు, తిరుగబడు నుంచి తిరుగుబాటు వచ్చినట్టే వేరుపడు నుంచి వేర్పాటు వచ్చింది. వేరుపడేది ఎవరో వారే ఆ క్రియకు కర్త.

ఇంతవరకు నామవాచకాల మాట. అసలు చిక్కు క్రియల్లో ఉంది. ఇంగ్లిష్‌లో దారమూ, కర్రా, గాజూ మూడూ ‘బ్రేక్’ అవుతాయి. తెలుగులో దారం తెగుతుంది, కర్ర విరుగుతుంది, గాజు పగులుతుంది. అదే కర్ర అడ్డంగా రెండైతే విరిగిందంటాం, పొడవునా రెండైతే చీలిందంటాం. ఏ వస్తువు, ఏ తీరున అన్న రెండూ చూసి మన భాష క్రియను ఎంచుకుంటుంది; కంటికి కనిపించని వాటికీ ఆ ఎంపిక స్థిరపడిపోయింది. బంధం తెగుతుంది, పార్టీ చీలుతుంది, గుండె పగులుతుంది, పొత్తు చెడుతుంది. వీటిని తారుమారు చేస్తే మాట ఎబ్బెట్టుగా ఉండటమే కాదు, ఒక్కోసారి అర్థమే మారుతుంది. ప్రేమ విఫలమై దుఃఖంలో ఉన్న పాత్రకు ‘మనసు విరిగింది’ అని రాసిన అనువాదాలు ఉన్నాయి. మనసు విరగడమంటే ఇష్టం పోయి ముఖం చాటేయడం. ఆ పాత్ర బాధంతా ఇష్టం పోకపోవడమే కదా!

ఇంగ్లిష్‌లో స్ప్లిట్, బ్రేక్ వంటివి అకర్మకంగానూ సకర్మకంగానూ ఒకే రూపంలో నిలుస్తాయి. మనకు జంటలున్నాయి: తెగు, తెంచు, విరుగు, విరుచు, చీలు, చీల్చు, విడిపోవు, విడదీయు. ఇన్ని ఉండగా ‘పార్టీ రెండుగా విభజింపబడింది’, ‘బోగీ రైలు నుంచి వేరుచేయబడింది’ వంటి కర్మణి వాక్యాలు ఎందుకో నాకు అర్థం కాదు. పార్టీ రెండుగా చీలింది, బోగీ ఊడిపోయింది లేదా బోగీని విడదీశారు. జరిగినదాన్ని బట్టి వీటిలో ఒకటి చాలు.

వ్యాకరణ విషయం ఒకటి. ‘విచ్ఛిన్నం’ సంస్కృతంలో విశేషణం. అందువల్ల ‘విచ్ఛిన్నమైంది’ నిర్దుష్టం, ‘విచ్ఛిన్నం జరిగింది’ కాదు. జరిగిన పనిని చెప్పడానికి విచ్ఛిత్తి, విచ్ఛేదం అనే రూపాలున్నాయి. అయితే ‘సోవియట్ యూనియన్ విచ్ఛిన్నం’ అని నామంగా వాడటం వాడుకలో పాతుకుపోయింది, దాన్ని నేను తప్పుపట్టను. విజ్ఞానశాస్త్రం మాత్రం ‘విచ్ఛిత్తి’నే ఎంచుకుంది. యురేనియం కేంద్రకం రెండుగా చీలడానికి 1939లో భౌతికశాస్త్రవేత్తలు లీజ్ మైట్నర్, ఓటో ఫ్రిష్ వాడిన ‘ఫిషన్’ జీవశాస్త్రం నుంచి తెచ్చుకున్న మాట; తెలుగు పాఠ్యపుస్తకాలూ ఒక అమీబా రెండు కావడానికి ద్విధావిచ్ఛిత్తి, యురేనియానికి కేంద్రక విచ్ఛిత్తి అంటూ ఆ చుట్టరికాన్ని నిలిపాయి. ‘అణు విచ్ఛిత్తి’ అనేది పత్రికల మాట. అక్కడ చీలేది అణువు కాదు, కేంద్రకం.

ఇక దంపతుల విషయంలో వాడే సెపరేషన్. అది విడాకులు కాదు. చట్టం దృష్టిలో వారింకా భార్యాభర్తలే. వారిని గురించి ‘విడిపోయారు’ అని రాస్తే చదివినవారు విడాకులు అయిపోయాయనే అనుకుంటారు. ‘విడిగా ఉంటున్నారు’ అని రాయాలి.